ఎనభై ఎనిమిదో టెస్టు

ఫోను మోగేసరికి పదిన్నర దాటింది. రుబియేలా అప్పటికింకా పొద్దుటి రిపోర్టు సగం కూడా చూడలేదు. చూడకపోయినా కొంప మునిగేదేమీ లేదు. నాలుగు వందల పన్నెండు టెస్టులు, వాటి పక్కన నాలుగు వందల పన్నెండు ఆకుపచ్చ గుర్తులు. రోజూ పొద్దున ఆరింటికి, మనిషన్నవాడు లేని ఆఫీసులో అవే మొదలవుతాయి. పదకొండు నిమిషాల్లో అవే ముగుస్తాయి. ఆమె చేయవలసిందల్లా మధ్యాహ్నం పన్నెండు లోపల, రిపోర్టు అడుగున ఉన్న గడిలో తన పేరూ గుర్తింపు నంబరూ కొట్టడం. "ఈ ఫలితాలను నేను స్వయంగా చూశాను" అని ఆ గడి పైన రాసి ఉంటుంది. మిషను మీద ఎంత నమ్మకమున్నా, రేపేదైనా తేడా వస్తే పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు క్లయింటు. ఆ మనిషి కోసమే రుబియేలాను ఉంచి, మిగిలిన అయిదుగురినీ పంపేశారు.

ఫోన్లో అంపారో. ఆ అయిదుగురిలో పెద్దది. యాభై నాలుగేళ్లు.

"అమ్మాయ్, ఒక వింత చెప్తాను, నవ్వకు. నేను మళ్లీ చచ్చిపోయాను."

"ఏంటక్కా ఆ మాటలు?"

"నా మాటలు కావే తల్లీ. విల్యామరియా ఊళ్లో బీమా మందుల కౌంటరు ముందు నిలబడ్డాను. కిటికీలో పిల్ల చెబుతోంది, 'మీరు చనిపోయారండీ, చనిపోయినవాళ్లకు ఇన్సులిన్ ఇవ్వం' అని. నెల రోజుల్లో ఇది మూడోసారి. రెండుసార్లు నోటరీ దగ్గరికి వెళ్లి బతికే ఉన్నానని కాగితం తెచ్చాను. ఆ కాగితం బొగొతా హెడ్డాఫీసుకు వెళ్తుంది, వాళ్లు నన్ను బతికిస్తారు, తెల్లారి ఇక్కడికి వస్తే మళ్లీ శవాన్ని."

"ఆ పిల్లకి సరిగ్గా చూడ్డం రాదేమో."

అంపారో వెనక ఎవరో ముసలివాళ్లు దగ్గుతున్న చప్పుడు వినిపించింది.

"నేనూ అలాగే అనుకుని తిట్టాను పాపం. అప్పుడా పిల్ల స్క్రీను నా వైపు తిప్పింది. నేను పోయిన టైము కూడా ఉందే అందులో. పొద్దున ఆరు గంటల నాలుగు నిమిషాలు. నిన్నా ఆరు నాలుగే. మొన్నా ఆరు నాలుగే. నీకేమైనా తడుతోందా? నాకు తట్టింది. నా నోటితో అనడం ఇష్టం లేక నీకు చేశాను."

రుబియేలాకు తట్టింది.

*

రుబియేలా ఆఫీసు టెస్టు చేసేది తమ క్లయింటు, ఒక ఆరోగ్య బీమా సంస్థ, వాడే ప్రోగ్రామును. దేశంలో సగం మంది మందుల కోసం దాని ముందు నిలబడాల్సిందే. పేరు మారినా, ఇల్లు మారినా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా అందులో ఎక్కించాలి. ఇంజినీర్లు దాన్ని ఎక్కడో ఒకచోట కెలుకుతూనే ఉంటారు. కెలికిన ప్రతిసారీ మిగతావన్నీ ఎప్పటిలా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. కొండల మీది మనిసాలెస్‌లో, మూడో అంతస్తులోని ఈ గదిలో, ఆరుగురు ఆడవాళ్లు ఆ పని చేత్తో చేసేవారు. సోమవారం మొదలుపెడితే గురువారం సాయంత్రానికి తేలేది. నెలకు పదిహేడు లక్షల పెసోలు. ఇంటద్దె, బస్సు, కూరగాయలు పోను మిగిలేది చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

టెస్టులకు వేరే కాపీ పెట్టాలంటే ఖర్చని, అసలు ప్రోగ్రాము మీదే నడపమన్నారు బీమా వాళ్లు. కల్పించిన నంబర్లు ఇస్తే అది ఒప్పుకోదు. బతికున్న మనుషుల నంబర్లే కావాలి. ఎవరివని తెస్తారు? ఆరుగురూ తమవే ఇచ్చారు. రుబియేలా నంబరు ముప్పై ఒకటో టెస్టుకు వెళ్లింది. అది బిడ్డ పుట్టినట్టు నమోదు చేసేది. పెళ్లీ పెటాకులూ లేని నలభై ఒక్కేళ్ల మనిషికి ఆ టెస్టు ఇచ్చి అందరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఎనభై ఎనిమిదో టెస్టు చావుది. దానికి ఎవరూ ముందుకు రాకపోతే అంపారో చెయ్యెత్తింది. "మీరంతా చిన్నవాళ్లు, శకునం బాగుండదు. చావు నాకివ్వండి" అంది.

టెస్టు పుస్తకంలో ఎనభై ఎనిమిదోదానికి ఏడు మెట్లున్నాయి. ఆఖరి మెట్టు, స్క్రీను మీద "మరణించారు" అని వచ్చిందో లేదో చూడడం. అక్కడితో పుస్తకం ఆగిపోతుంది. ఆడవాళ్లు ఆగేవారు కాదు. వెంటనే ఇంకో స్క్రీనులోకి వెళ్లి ఆ చావును కొట్టేసేవారు. ఆ దారి అంపారో కనిపెట్టినదే. దానికి పై నుంచి అనుమతీ లేదు, కాగితం మీద రాతా లేదు. గురువారం ఎవరి వంతయితే వాళ్లు బల్ల మీద రెండుసార్లు కొట్టి "అంపారో, లే! కాఫీ చల్లారిపోతోంది" అని అరిచేవారు. మూలనుంచి ఆవిడ "లేస్తున్నానే, చావనివ్వరు కదా ఈ గదిలో!" అనేది. రుబియేలా పిల్లల్ని కూడా అలాగే ఎప్పటికప్పుడు తీసేసేవారు.

తర్వాత దువాన్ వచ్చాడు. ముప్పై ఏళ్ల ఇంజినీరు. చెడ్డవాడు కాదు. రెండు వారాలు నోటు పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి పక్కనా కూర్చున్నాడు. ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కుతారు, ఏం చూస్తారు, ఎంతసేపు ఆగుతారు, అన్నీ రాసుకున్నాడు. ఎందుకు రాసుకుంటున్నాడో అందరికీ తెలుసు. మీ చేతుల్లో ఉన్న పనిని ఇలా మిషనుకు ఇచ్చేసి మీరు ఇంటికి వెళ్లండి అని మర్యాదగా అడగడం అది. రెండో రోజు భోజనాల దగ్గర అంపారో చెంచా కింద పెట్టి చెప్పింది.

"పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేతుల్లో ఉన్నది చెప్పకండి. ఆ ముక్క మన దగ్గరుంటే, రేపు మిషను మొరాయించినప్పుడు మనల్నే పిలవాలి."

అందరూ తలూపారు. రుబియేలా కూడా ఊపింది. కూలి చేసుకునేవాళ్ల దగ్గర దాచుకోవడానికి ఇంకేం ఉంటుంది? ఆ రోజు అదొక్కటే తమ సొంతమనిపించింది.

మిషను మొరాయించలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. పొద్దున్నే ఆరు గంటల నాలుగు నిమిషాలకు అంపారోను చంపి, "మరణించారు" అన్న మాట కనబడగానే ఆకుపచ్చ గుర్తు పెట్టి, ఎనభై తొమ్మిదోదానికి వెళ్లిపోయింది. పోయిన మనిషిని ఇంకోసారి చంపినా దానికి అభ్యంతరం లేదు. అడుగున ఆ మాట ఉందా లేదా, అంతే.

*

రుబియేలా ముందు తన నంబరే కొట్టి చూసింది. మనసులో ఎక్కడో, అంపారో పొరపాటు పడి ఉంటుందన్న ఆశ.

స్క్రీను మీద ఆమె పిల్లలు వచ్చారు. ముప్పై అయిదుగురు. అందరి పేర్లూ "టెస్ట్". ఏడు వారాలు, వారానికి అయిదు పనిరోజులు, పొద్దుకొకడు. అందరూ ఆరోగ్యంగా, రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములతో పుట్టారు. నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ముప్పై అయిదు రోజులూ తనే సంతకం చేసింది. స్వయంగా చూశానని.

దువాన్ గాజు గదిలో ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. కంప్యూటరులో అంపారో నంబరు తీసి చూశాడు.

"నేను అడిగాను రుబియేలా గారూ. పద్నాలుగు రోజులు మీ పక్కన కూర్చుని అడిగాను. ఇంకేమైనా చేస్తారా, ఇంకేమైనా చేస్తారా అని. ఒక్కరైనా చెప్పారా?"

"చెప్పలేదు ఇంజినీరు గారూ. తప్పే. ఇప్పుడు చెబుతున్నాను కదా, ఆ మెట్టు కలిపేయండి."

"కలపడానికి లేదు. చావును కొట్టేసే ఆ స్క్రీను పోయిన నెలలో మూసేశారు. ఎవరో పోయినవాళ్లను అందులో బతికించి, వాళ్ల పేరు మీద మందులు తీసుకున్నారట. ఇప్పుడు బతికించాలంటే నోటరీ కాగితం బొగొతాకే వెళ్లాలి."

"అయితే ఎనభై ఎనిమిదోది తీసేయండి."

"తీసేస్తే నాలుగు వందల పదకొండు అవుతాయి. ఎందుకు తగ్గిందో క్లయింటుకు రాసివ్వాలి. ఏమని రాయను? ఏడు వారాలుగా మీ మనిషిని చంపుతున్నామనా?" గొంతు తగ్గించాడు. "ఆ కాగితం వెళ్తే కాంట్రాక్టు పోతుంది. ఈ అంతస్తులో ఇరవై ముగ్గురు ఉన్నారు. సరే, మా సంగతి వదిలేయండి. మెట్టు ఎవరు దాచారని అడుగుతారు. ఆ అయిదుగురూ వెళ్లేటప్పుడు ఏం సంతకం పెట్టారు? పనిలో తెలిసినదంతా అప్పజెప్పాం అని. అందుకే కదా మూడు నెలల జీతం ఇచ్చారు. అది వెనక్కి అడిగితే అంపారో గారు ఎక్కడినుంచి తెస్తారు?"

రుబియేలా కుర్చీలో కూర్చుంది. ఎటు తిరిగినా గోడే. ఇటు నిజం చెబితే అంపారో డబ్బు పోతుంది. చెప్పకపోతే మందు పోతుంది. ఈ గోడలో కొన్ని రాళ్లు తాము పేర్చినవే.

దువాన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడేటప్పుడే ఇలాంటివాళ్లకు భయపడాలి.

"వినండి. రేపటి నుంచి ఆవిడ నంబరు తీసేసి వేరేది పెడతాను. బొగొతాలో నాకు తెలిసినవాడున్నాడు, ఫోను చేస్తే సోమవారానికల్లా ఆవిడను బతికిస్తాడు. మందు వస్తుంది. మీరు ఎప్పటిలా ఈరోజు రిపోర్టు మీద పేరు కొట్టండి. చాలు."

"వేరేదంటే ఎవరిది?"

"ఒక జాబితా ఉంది. తొంభై దాటినవాళ్లు. రెండేళ్లుగా ఏ కౌంటరుకూ రానివాళ్లు."

"బతికే ఉన్నారా?"

"ఉన్నారు. కానీ వచ్చి అడగరు."

రుబియేలా తన బల్ల దగ్గరికి వచ్చింది. దువాన్ జాబితా పట్టుకుని వెనకే వచ్చాడు. పదకొండూ ఇరవై. గడిలో పేరు కొట్టింది. అంపారోకు ఇన్సులిన్ అందక అయిదు రోజులయింది. బయట కొంటే ఒక్క ఇన్సులిన్ పెన్ను డెబ్బై అయిదు వేల పెసోలు. పక్కింటావిడ సగం వాడి ఇచ్చినదాన్ని పొదుపుగా పొడుచుకుంటోంది. పేరు పక్కన తన నంబరు కూడా కొడితే సోమవారం అంపారో బతుకుతుంది. నంబరులో మొదటి ఆరు అంకెలూ కొట్టింది. ఆగింది. తల తిప్పకుండానే గట్టిగా అడిగింది.

"పేరేంటి?"

"ఎవరి పేరు?"

"రేపు పొద్దున్న నేను చంపే మనిషి పేరు తెలియొద్దా నాకు?"

గదిలో ఎవరో కీబోర్డు మీద చేతులు ఆపేశారు. దువాన్‌కు చెప్పాలని లేదు. అయినా జాబితా చూసి, తల వంచుకుని చదివాడు. "ఆన్సీసార్ గిరాల్దో. ఊరు నేయిరా. వయసు తొంభై రెండు."

రుబియేలా ఒక్కొక్క అంకెనూ చెరిపేసింది. తర్వాత పేరు చెరిపేసింది. గడి ఖాళీ అయింది.

"అంపారక్క తన నంబరు తానే ఇచ్చింది. ఆ ముసలాయన ఇచ్చాడా? నేను కొట్టను ఇంజినీరు గారూ."

"మీ నంబరు నా దగ్గర ఉంది. నేనే కొట్టగలను. నా చేత ఆ పని చేయించకండి, బతిమాలుతున్నాను."

ఆమె బల్ల సొరుగులోంచి సంచి తీసుకుంది. అతని కళ్లలో నీళ్లున్నాయి. ఉంటే మాత్రం ఏం లాభం?

*

విల్యామరియాకు కేబుల్ కారు ఎక్కింది. కింద లోయంతా మంచు. రుబియేలాకు ఏమీ కనిపించలేదు, చూడాలనీ లేదు. అంపారో ముఖం ఎలా చూడాలా అన్నదొక్కటే ఆలోచన. నీ మందు నా చేతిలోకి వచ్చింది, నేనే వదిలేశానని ఎలా చెప్పడం?

కౌంటరు దగ్గర నలభై మంది ఉన్నారు. కుర్చీలు పన్నెండు. అంపారో గోడకానుకుని నిలబడి సీసాలో నీళ్లు తాగుతోంది. చక్కెర పెరిగితే దాహం ఆగదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బాగా చిక్కింది.

"నేను చావలేదు కదా, ఆ మొహమేంటి?" అంది అంపారో.

రుబియేలా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏదీ దాచలేదు. ఆరు అంకెలు కొట్టి ఆగిపోయానని కూడా చెప్పింది. అంపారో నీళ్ల సీసా మూత తిప్పుతూ వింది. బిగిసిన మూతను మళ్లీ మళ్లీ తిప్పింది.

"చెప్పొద్దన్నది నేనే కదే," అంది చివరికి. "నా మాట విని మీరంతా నోరు మూసుకున్నారు. ఎంత తెలివైనదాన్నో చూడు. నా గొయ్యి నేనే పుస్తకంలో రాయకుండా తవ్వుకున్నాను."

"నేను సంతకం పెట్టి ఉంటే నీకు సోమవారం..."

"ఆపు. నామీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది. ఇప్పుడూ ఉంది. కాళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయి నాకు." కాలు మార్చి నిలబడింది. "తొంభై రెండా? నేనంటే ఇక్కడికొచ్చి కొట్లాడతాను. ఆయనకు మంచం దిగడం వచ్చో రాదో. పోయాడని రాసుకుంటే ఇంటికొచ్చే నర్సు కూడా మానేస్తుంది. ఎవరికి తెలుస్తుంది?"

అప్పుడే రుబియేలా ఫోను గిర్రుమంది. ఆఫీసు నుంచి రోజూ వచ్చే సందేశమే. పన్నెండు గంటలు. "రుబియేలా ఒసోరియో గారూ, మీ సంతకం అందింది. ధన్యవాదాలు."

ఇద్దరూ ఆ అక్షరాలు చూశారు. తను వద్దన్నది ఒక గంట కూడా నిలవలేదు. తను లేకపోయినా తన పేరు పనిలోనే ఉంది. రేపు కూడా ఉంటుంది. ఆ గడి నింపమని మిషనుకు ఒక్క లైను రాస్తే చాలు, నాలుగు వందల పదమూడో పనిగా అదే జరిగిపోతుంది. ఇక దువాన్ కళ్లలో నీళ్లు పెట్టుకోవలసిన అవసరం కూడా ఉండదు.

"అయితే నాకు సోమవారం మందొస్తుందన్నమాట," అంది అంపారో. ఆ మాటలో సంతోషం లేదు.

అంపారో మళ్లీ తీసుకున్న టోకెన్ నంబరు పిలిచారు. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్లారు. లోపలి పిల్లకు పాతికేళ్లుంటాయి. పొద్దుటి నుంచీ తిట్లు తిని తిని కళ్లు పీక్కుపోయాయి. అంపారోను చూసి భుజాలు జారవేసింది.

"పొద్దున్నే చెప్పాను కదండీ. మీరు చనిపోయినట్టే ఉంది."

"ఆవిడను చంపింది నేను. రాసుకోండి," అంది రుబియేలా.

"ఏంటండీ?"

రుబియేలా సంచిలోంచి కాగితం తీసి, కిటికీ అంచు మీద పెట్టి రాసింది. చేత్తో ఇన్ని మాటలు రాసి చాలా ఏళ్లయింది, అక్షరాలు వంకరపోయాయి. రోజూ పొద్దున ఆరు గంటల నాలుగు నిమిషాలకు మీ ప్రోగ్రాములో నమోదయ్యే మరణం అబద్ధం. ఈరోజు వరకు అంపారో సలాసార్. రేపటి నుంచి నేయిరాలో ఉండే ఆన్సీసార్ గిరాల్దో. ఇద్దరూ బతికే ఉన్నారు. ఆ మరణాన్ని కొట్టేసే మెట్టు నాకు తెలుసు, చెప్పకుండా దాచినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈరోజు రిపోర్టులో ఉన్న సంతకం నాది కాదు. ఇది నాది.

పేరు రాసి, నంబరు మొత్తం రాసి, కాగితాన్ని గాజు కింది సందులోంచి లోపలికి తోసింది.

ఆ పిల్ల చదివింది. రెండోసారి చదివింది. వెనక గదిలోకి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"దీనికి ఇక్కడ కాలమ్ లేదండీ. నేను తీసుకున్నట్టు ముద్ర వేస్తే నా ఉద్యోగం పోతుంది."

"తెలుసమ్మా. నాది ఇప్పుడే పోయింది."

పిల్ల కాగితాన్ని వేలితో బయటికి నెట్టింది. రుబియేలా వేలితో లోపలికి నెట్టింది. అది సందులో సగం ఇటూ సగం అటూ ఆగింది. పిల్ల ఇంక దాన్ని ముట్టుకోలేదు. బటన్ నొక్కింది. గోడ మీద తర్వాతి నంబరు వెలిగింది. వెనకాల ముసలాయనొకాయన కర్ర ఊతగా లేచి వచ్చాడు.

"జరగండమ్మా, నా వంతు వచ్చింది."

"మీ వంతేనండి," అంది అంపారో. గాజు అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "కానీ జరగం."

రుబియేలా ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసింది. పిల్ల మళ్లీ బటన్ నొక్కింది. గోడ మీద ఇంకో నంబరు వెలిగింది.